పెందుర్తి నీళ్ళు

పోయిన వారం డాక్టర్ అనూరాధని ఆమె గదిలోనే, ఎదురుగా టెక్నీషియన్ తౌసిఫ్‌ని నిలబెట్టి, తలుపు వేసి వచ్చేశాం. ఆ తలుపు తీసేముందు జరిగింది ఒకసారి చెప్పుకుందాం. శనివారం పొద్దున, మద్దిలపాలెం వరుణ కిడ్నీ సెంటర్‌లో డయాలసిస్ మీదున్న జాలరిపేట కోటికి ఉన్నట్టుండి బీపీ పడిపోయింది. మనిషి దక్కాడు. కానీ సూదులు గుచ్చడానికని ఆపరేషన్ చేసి ఎడమచేతిలో కలిపిన రక్తనాళం ఆ దెబ్బకి గడ్డకట్టి మూసుకుపోయింది. అది పోతే యంత్రంలోకి రక్తం వెళ్ళే దారి లేదు. మెడ దగ్గర తాత్కాలికంగా గొట్టం వేస్తామంటే అతని భార్య గురువమ్మ వినలేదు. ఆటో పిలిచి మొగుణ్ణి ఇంటికి తీసుకుపోయింది. ఆ గందరగోళంలోనే, కోటి మీదకి వంగిన అనూరాధ చెయ్యి యంత్రం గొట్టానికి తగిలింది. చల్లగా ఉండాల్సిన గొట్టం వెచ్చగా ఉంది.

ఎందుకు చల్లగా ఉండాలి అని కొత్తగా చదువుతున్నవాళ్ళు అడుగుతారు. డయాలసిస్ యంత్రంలో రక్తం పక్కనే, సన్నటి పొరకి అవతల, ఒక మందునీరు పారుతూ ఉంటుంది. ఒంట్లోని చెడు ఆ నీళ్ళలోకి దిగిపోతుంది. మామూలుగా ఆ నీళ్ళని ఒంటి వేడికి దగ్గరగా ఉంచుతారు. ఇంకాస్త చల్లబరిస్తే మధ్యలో బీపీ పడిపోవడం తగ్గుతుందేమోనని పెద్ద డాక్టర్లకి ఒక అనుమానం. అది తీరాలంటే ఏరి కోరి తెచ్చుకున్న నలుగురు రోగుల మీద చూస్తే సరిపోదు. రోజూ వచ్చే రోగులకి, రోజూ చేసే వైద్యంలోనే చూడాలి. అందుకని హైదరాబాదులో కూర్చుని సెంటర్ల పేర్ల మీద లాటరీ తీశారు. మద్దిలపాలేనికి చల్లనీళ్ళు వచ్చాయి, పెందుర్తి బ్రాంచికి మామూలు నీళ్ళు. విశాఖపట్నంలో ఈ పరిశోధన బాధ్యత అంతా అనూరాధది. ఇది 2009 ఎండాకాలం నాటి మాట.

ఇప్పుడు సోమవారం. తలుపు తీద్దాం.

తౌసిఫ్ బొంకితే అనూరాధకి సుఖంగా ఉండేది. అబద్ధమాడేవాడి మీద అరవడం తేలిక. అతను విశాఖ పాత ఊరివాడు, అక్కడ తండ్రికి గడియారాలు బాగుచేసే కొట్టుంది, చిన్నప్పటినుంచీ సూక్ష్మమైన పని మీద చెయ్యి ఆడినవాడు. యంత్రం దానంతటదే వేడెక్కిందని ఏదో ఒక కథ చెప్పగలడు. చెప్పలేదు. నేల చూపులు చూస్తూ, నేనే పెంచాను మేడమ్, అన్నాడు.

కోటి యంత్రం ఒక్కటే కాదట. అన్నీనట. పొద్దున ఆమె రౌండ్లకి వచ్చి చూసే వేళకి అంకె పద్ధతిగానే ఉండేది. ఆమె ఓపీలోకి వెళ్ళి కూర్చోగానే వేడి పెంచేవాడు. షిఫ్టు ముగిసే ముందు మళ్ళీ తగ్గించేవాడు. ఉగాది వెళ్ళిన దగ్గర్నుంచీ ఈ భాగోతం నడుస్తోంది.

వినగానే అనూరాధకి మొదట గుర్తొచ్చింది కోటి కాదు. ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి కదా, ఆమెకి గుర్తొచ్చింది పరిశోధన. ఎన్ని ఊళ్ళు, ఎందరు డాక్టర్లు, ఎంత శ్రమ, మద్దిలపాలెం లెక్కలన్నీ ఇక గంగపాలే అనుకుంది. హైదరాబాదు వాళ్ళకి ఏ మొహం పెట్టుకుని చెప్పాలి అనుకుంది. కోటి ఆ తర్వాత గుర్తొచ్చాడు. అతనితోపాటు, శనివారం తను చెప్పిన మాట కూడా గుర్తొచ్చింది.

ఆ పొద్దున కోటి బాగా నీరు పట్టి వచ్చాడు. మొహం ఉబ్బి ఉంది. అంత నీరు ఒక్క విడతలో తీస్తే మామూలుగా అయితే బీపీ పడిపోతుందని భయపడి ఆమె కొంతే తీయించేది. ఆ రోజు ధైర్యం చేసింది. చల్లనీళ్ళు నడుస్తున్నాయి కదా, తట్టుకుంటాడులే, మొత్తం తీసెయ్ అని తౌసిఫ్‌తోనే చెప్పింది. అప్పటికింకా వేడి పెంచలేదు. ఆమె అటు వెళ్ళాక పెంచాడు.

"ఆ మాట నీకు వినపడలేదా?" అని అడిగింది.

"వినపడింది మేడమ్."

"మరి?"

"సెప్దామనే అనుకున్నాను. ఇన్నాళ్ళూ పెంచుతున్నానని సెప్పాలి కదా అప్పుడు. నోరు రాలేదు. ఈ ఒక్క రోజుకీ ఏటవుద్దిలే అనుకున్నాను." అన్నాడు అతను. "మొన్నట్నుంచీ ఇంట్లో నర్గీస్ మొహం కూడా సూడలేకపోతున్నాను."

నర్గీస్ అతని భార్య. అనూరాధకి జాలి కలగలేదు. రేపట్నుంచి పనిలోకి రావద్దంది. అతను తల ఊపాడు, ఆ మాట కోసమే వచ్చినట్టు. అప్పుడైనా ఊరుకుని ఉంటే ఆమెకి ఆ పూటకి కోపంతో గడిచిపోయేది. ఊరుకోలేక, ఇంతకీ ఎందుకు చేశావయ్యా అని అడిగింది. అడిగారు మేడమ్, పేషెంట్లందరూ అడిగారు, అన్నాడు అతను. ఏమని అడిగారు అంది.

"పెందుర్తి నీళ్ళు పెట్టమని."

ఆమెకి అర్థం కాలేదు. పెందుర్తి నీళ్ళేమిటి? తౌసిఫ్ ఎంతకీ వివరం చెప్పడే. అది నా నోటితో అనలేను, గురువమ్మని అడగండి, అంటాడు. రోగులతో నీళ్ళ వేడి సంగతి మాట్లాడవద్దని సిబ్బందికి ఆమే గట్టిగా చెప్పింది. ముందే తెలిస్తే చలి లేనివాళ్ళు కూడా చలి అంటారని, పరిశోధన పాడవుతుందని. ఆ నిబంధన ఒక్కటి మాత్రం అతను అక్షరాలా పాటించాడు. వాళ్ళు అడిగితే కారణం చెప్పకూడదు. చెప్పకుండా చలికి వదిలెయ్యడానికి మనసు రాలేదు. అందుకని నోరు మూసుకుని వేడి పెంచాడు.

అంతలో నర్సు పాపాయమ్మ తలుపు తోసుకుని వచ్చింది. కోటిని మళ్ళీ తీసుకొచ్చారు, ఆయాసం ఎక్కువగా ఉంది, రమ్మంది.

కోటి మంచం మీద పడుకోలేక, కాళ్ళు కిందకి వేలాడేసి, రెండు చేతులతో మంచం కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు. మొహానికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. పాదాలు చెప్పుల్లో పట్టనంత వాచాయి. డయాలసిస్ తప్పిపోయింది, తీయాల్సిన నీరంతా ఊపిరితిత్తుల్లోకి చేరుతోంది. అనూరాధ ఈసీజీ కాగితం అందుకుని చూసింది. రక్తంలో పొటాషియం పెరిగిపోయిందని ఆ గీతలే చెబుతున్నాయి. ఇంక రేపూ ఎల్లుండీ లేదు, ఈ పూటే యంత్రం మీద పెట్టాలి. పెట్టాలంటే మెడలో గొట్టం పడాలి.

చుట్టూ మిగతా యంత్రాలు నడుస్తున్నాయి. రోగులందరూ మెలకువగానే ఉన్నారు గానీ ఎవరూ ఇటు చూడటం లేదు. మేలో, బయట తారు కరిగే ఎండలో, ఒక్కొక్కరి మీదా ఉన్ని దుప్పటి ఉంది. ఆ దుప్పట్లు రౌండ్లలో రోజూ చూస్తూనే ఉంది అనూరాధ. చల్లనీళ్ళు బాగానే పనిచేస్తున్నాయి అనుకుని లోపల్లోపల సంతోషించిన రోజులు కూడా ఉన్నాయి.

గురువమ్మ కోటి వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. ఆవిడ చేపల బజార్లో కూర్చుని అమ్మే మనిషి. గంప దించిందంటే వీధి చివర దాకా గొంతు వినపడుతుంది. ఇవాళ ఆ గొంతు పక్క మంచానికి కూడా చేరడం లేదు. అనూరాధ ఆవిడకి పరిస్థితి చెప్పింది. పెద్ద డాక్టర్ దుర్గారావు గారు హైదరాబాదు వెళ్ళారని, ఆయన వచ్చేదాకా ఆగితే లాభం లేదని, గొట్టం తానే వేస్తానని, వేలిముద్ర వెయ్యమని అడిగింది. కోటి మాస్కు వెనకనుంచి భార్య వైపు చూశాడు. ఆవిడ ఏమంటే అదే అన్నట్టు.

"ఏ నీళ్ళు ఎడతారు?" అంది గురువమ్మ.

అనూరాధ వేలిముద్ర కాగితం ముందుకి జరిపింది. ఇప్పుడు నీళ్ళ సంగతి ఎందుకంది. ముందు ప్రాణం సంగతి చూద్దామంది. గురువమ్మ కదల్లేదు. మళ్ళీ అదే అడిగింది. సల్లనీళ్ళా, పెందుర్తి నీళ్ళా?

అప్పుడు అనూరాధ మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, పెందుర్తి నీళ్ళంటే ఏమిటో చెప్పమంది. ఆవిడ మొదట చెప్పలేదు. చెప్పడానికి సిగ్గుపడుతోందని అనూరాధకి కాసేపటికి గానీ తెలియలేదు. చెంగు వేలికి చుట్టుకుంటూ, మొగుడి వీపు నిమురుతూ, ఆగి ఆగి చెప్పింది.

చలి మొదలైన కొత్తలో యంత్రాలు పాడయ్యాయేమో అనుకున్నారట. తర్వాత ఎదురు మంచం మీది అప్పాయమ్మ చెల్లెలి అల్లుడు పెందుర్తి బ్రాంచిలో డయాలసిస్ చేయించుకుంటూ, మాకేం చలి లేదే, బాగానే ఉందే అన్నాడట. పెందుర్తికి వచ్చేవాళ్ళెవరు? ఎక్కువమంది స్టీల్ ప్లాంటు, పోర్టు, కంపెనీ కార్డులున్నవాళ్ళు. మద్దిలపాలేనికి వచ్చేవాళ్ళెవరు? తెల్లకార్డు మీద ఉచితంగా చేయించుకునేవాళ్ళు. ఇంక ఒకరు చెప్పాలా?

"ఉచితమోళ్ళకి కరెంటు దండగని సల్లనీళ్ళు ఎడతన్నారనీసుకున్నాం," అంది గురువమ్మ. "అడుగుదామంటే బయ్యం. ఉన్నదీ తీసీత్తారేమోనని. తౌసిఫ్ బాబు కాళ్ళట్టుకున్నాం. నాలుగు డబ్బులుంటే నాను కూడా ఎచ్చని నీళ్ళు కొనిద్దును కదా అని మా ఆయన ముందు ఏడ్సినాను కూడా. పెళ్ళాం సేత అంత మాట అనిపించుకున్నాడు."

కోటి కళ్ళు మూసుకున్నాడు. గురువమ్మ ఇంకొకటి కూడా చెప్పింది. రాత్రిళ్ళు సముద్రం మీద తడిసి, తడిబట్టతోనే ఒడ్డుకి వచ్చి నవ్వుతూ చేపలు దించిన మనిషి, ఇక్కడ మంచం మీద వణకడానికి సిగ్గుపడి, పళ్ళ చప్పుడు పక్కవాళ్ళకి వినపడకుండా తువ్వాలు నోట్లో కుక్కుకునేవాడట. ఆ తువ్వాలు సంగతి పాపాయమ్మకి తెలుసు. తౌసిఫ్‌కి తెలుసు. డాక్టరమ్మకి ఒక్కదానికే తెలియదు.

అనూరాధ స్టూలు ముందుకి జరుపుకుంది. అలా కాదు, అలా అస్సలు కాదు అంటూ మొదలుపెట్టింది. పరిశోధన జరుగుతోంది, సందేహాలుంటే డాక్టర్నే అడగండి అని గోడ మీద నోటీసు పెట్టాం కదా, తెలుగులోనే రాయించాం కదా అంది. ఎక్కడ అని అడిగింది గురువమ్మ. అనూరాధ వరండా వైపు చెయ్యి చూపించింది. చూపించిన చెయ్యి అక్కడే ఆగిపోయింది. నోటీసు ఉన్నది మంచినీళ్ళ కూలర్ పైన.

"ఆ కూలర్ దిక్కు ఈళ్ళెవులూ సూడరమ్మా," అంది గురువమ్మ. కోపంగా కూడా అనలేదు.

ఎందుకు చూడరో అనూరాధకి తెలుసు. కిడ్నీ పోయినవాళ్ళకి రోజుకి కొలిచి పోసిన నీళ్ళే. నాలుక పిడచకట్టుకుపోయి ఉంటుంది. నీళ్ళు కనపడితే ఆగలేరు, నీళ్ళున్న వైపు అసలు చూడకండి, ఎవరైనా తాగుతుంటే లేచి వెళ్ళిపోండి అని వచ్చిన మొదటి రోజే ప్రతి ఒక్కరికీ ఆమే స్వయంగా చెప్పేది. చెప్పిన మాట విన్నారు పాపం. ఆ గోడ దగ్గరికి వచ్చేసరికి తల తిప్పేసుకుని నడిచారు. రోగులకి తెలియాల్సిన నోటీసుని, రోగులు చూడకూడని చోట చూసి మరీ అంటించింది. ఎందుకక్కడ అంటే, అక్కడ మేకులు ముందే ఉన్నాయి. అంతకంటే పెద్ద కారణమేమీ లేదు.

సిగ్గు అనేది ఒక్కసారిగా రాదు. ముందు సర్దిచెప్పుకోవాలనిపిస్తుంది. అనూరాధ కూడా సర్దిచెప్పడం మొదలుపెట్టింది. ఇది పేదా గొప్పా చూసి చేసింది కాదంది. చల్లనీళ్ళు మంచివో వెచ్చనీళ్ళు మంచివో ఎవరికీ నిజంగా తెలియదని, తెలుసుకోవడానికే ఇదంతా అని, ఏ ఊరికి ఏ నీళ్ళో లాటరీలో వచ్చిందని, మద్దిలపాలేనికి వెచ్చనీళ్ళు వచ్చి పెందుర్తికి చల్లనీళ్ళు వచ్చి ఉండొచ్చని చెప్పింది. బాగా చెప్పింది. మెడికల్ కాలేజీలో పాఠం చెప్పినట్టు వరసగా చెప్పింది. చుట్టుపక్కల మంచాల మీద దుప్పట్లు కదిలాయి. అందరూ వింటున్నారు.

గురువమ్మ చివరిదాకా విన్నది. ఆవిడకి లాటరీ మాట వెంటనే అర్థమైంది. ఆ మాటకొస్తే, అనూరాధ కంటే బాగా అర్థమైంది.

"సీటీలు మేమూ తీత్తాం," అంది. "పెద్దవల ఏ రోజు ఎవుడిదని ఇసకలో అందరూ కూసుని, అందరి కళ్ళముందూ తీత్తాం. సేపలు బాగా పడే రోజు ఒకడికొత్తాది, గాలి రోజు ఇంకొకడికొత్తాది. వచ్చినోడు ఏడ్సుకుంటాడు గానీ వంతు మార్సుకోడు. సీటీ తీసినాక వంతు మార్సుకున్నోడి వలకి పేటలో ఎవుడూ సెయ్యెయ్యడు."

అనూరాధ తల ఊపింది. తనని అర్థం చేసుకున్నందుకు ఆవిడ మీద ప్రేమ లాంటిది కూడా పుట్టింది. అదిగో, అలాంటిదే ఇదీ అనబోయింది. గురువమ్మ ఆమె కళ్ళలోకి చూస్తూ నెమ్మదిగా అడిగింది.

"మరి మీ నాన్నగారేటి పెందుర్తి ఎల్లిపోనారు?"

పాత భాగాలు చదివినవాళ్ళకి తాతబాబు గారు తెలుసు. స్టీల్ ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర ఫోర్‌మన్‌గా చేసి రిటైరైన మనిషి. తన కింద కుర్రాళ్ళని సెగలో నిలబెట్టి తను నీడకి వెళ్ళడం ఎరగడు. ఆయనకీ కిడ్నీలు పోయాయి. కూతురు డాక్టరుగా ఉన్న మద్దిలపాలెంలోనే, కోటి పక్క మంచం మీద, డయాలసిస్ చేయించుకునేవాడు. కోటి ఆయన్ని బావా అని పిలిచేవాడు, ఆయనా కోటిని బావా అనేవాడు. ఇద్దరూ సూదులున్న చేతులు కదపకుండా, రెండో చేతులు ఊపుకుంటూ, సముద్రం మీద ఎండ ఎక్కువా కొలిమి సెగ ఎక్కువా అని వాదించుకునేవారు. ఉగాది ముందు ఆయన ఉన్నట్టుండి పెందుర్తి బ్రాంచికి మారాడు. కొడుకు ఇల్లు అక్కడికి దగ్గరని, రావడం పోవడం తేలికని అనూరాధ అందరికీ చెప్పింది. తండ్రికీ అదే చెప్పింది. ఆయన గొణుక్కుంటూనే వెళ్ళాడు.

ఆ జవాబు ఇప్పుడు కూడా నోటి చివరే ఉంది. తమ్ముడి ఇల్లు నిజంగానే పెందుర్తిలో ఉంది. దూరం నిజంగానే తగ్గింది. అది అబద్ధమని ఎవరూ నిరూపించలేరు. అసలు ఆ మాట ఇన్నాళ్ళూ తనకి తనే ఎన్నిసార్లు చెప్పుకుందో, తనే నమ్మేసింది. కానీ జరిగిన వరస వేరు. ముందు హైదరాబాదు నుంచి లాటరీ ఫలితం చెబుతూ ఫోను వచ్చింది. మద్దిలపాలేనికి చల్లనీళ్ళు అన్నారు. ఫోను పెట్టేసి ఆమె మొదట ఆలోచించింది, నాన్న గుండె అసలే అంతంతమాత్రం, ఆ చలికి ఏదైనా అయితే? అని. తమ్ముడి ఇల్లు గుర్తొచ్చింది ఆ తర్వాత.

ఏది మంచిదో ఎవరికీ తెలియదని ఇందాక అంత చక్కగా చెప్పింది. తెలియదనే అందరినీ చలిలో పడుకోబెట్టింది. తెలియకపోయినా తన తండ్రిని మాత్రం తప్పించింది.

కోటి మాస్కులోంచి ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపులో నిలదీయడం లేదు. తన బావ ఎందుకు వెళ్ళిపోయాడో ఇవాళైనా తెలుస్తుందా అన్నట్టుంది. అనూరాధ తమ్ముడి ఇంటి మాట నోట్లోనే మింగేసింది.

"లాటరీ తీశాకే మార్చాను," అంది. "చల్లనీళ్ళకి ఆయనకేమవుతుందో అని భయమేసి మార్చాను. ఆయనకి తెలియదు. ఆయనకి కూడా అబద్ధమే చెప్పాను."

  గుమ్మం దగ్గర నిలబడిన తౌసిఫ్ తల దించుకున్నాడు. పాపాయమ్మ చేతిలోని ట్రే సర్దుతున్నట్టు నటించింది. ఎదురు మంచం మీద అప్పాయమ్మ దుప్పటి మెడదాకా లాక్కుని గోడ వైపు తిరిగి పడుకుంది. రోజూ 'మా తల్లే' అని ఈమె చెయ్యి కళ్ళకద్దుకునే మనిషి. ఆ వీపు చూసేసరికి అనూరాధకి, గంట క్రితం తౌసిఫ్‌ని పనిలోకి రావద్దన్న సంగతి గుర్తొచ్చి, ఆ స్టూలు మీద కూర్చోలేక లేచి నిలబడింది. అతను జాలితో వేడి పెంచి దాచాడు. తను భయంతో తండ్రిని మార్చి దాచింది, అది చూసే రోగుల అనుమానం గట్టిపడింది. ఇద్దరూ దాచిన దాని ఖరీదు కోటి చెయ్యి కట్టింది.

క్షమించమని అడగాలనుకుంది. ఆయాసంతో ఎగిరిపడుతున్న కోటి డొక్కలు చూసి అది కూడా తన సుఖం కోసమే అనిపించి మానేసింది. గొట్టం వేసి వెచ్చనీళ్ళే పెడతానని, ఇంక ఎవరికీ చల్లనీళ్ళు ఉండవని, ముందు వేలిముద్ర వెయ్యమని బతిమాలింది. సాక్షాత్తూ డాక్టరు చేతులు జోడిస్తే కూడా గురువమ్మ ముద్ర వెయ్యలేదు. మొండితనం కాదు. ఈమె మాట మీద మనిషిని అప్పగించాలా వద్దా అని ఆలోచిస్తోంది. అలా ఆలోచించే హక్కు ఆవిడకి అంతకుముందే ఇచ్చి ఉండాల్సింది. ఆలోచించి ఆలోచించి చివరికి చెప్పింది.

"మీ నాన్నగారిని ఈడకి పిలిపించండి. మా ఆయన పక్క మంచం మీద తొంగోబెట్టండి. ఇద్దరికీ ఒక్కలాటి నీళ్ళే ఎట్టండి. ఎచ్చనియో సల్లనియో నాకనవసరం. అప్పుడు ఏలిముద్ర ఎడతాను."

అనూరాధ సెల్ ఫోన్ తీసింది. వరండాలోకి వెళ్ళి మాట్లాడుదామని రెండడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వచ్చింది. ఇప్పటిదాకా అటూ ఇటూ వెళ్ళి మాట్లాడింది చాలనిపించింది. అందరి మధ్యా నిలబడే తండ్రికి ఫోను చేసింది. ఆయన పెందుర్తిలో కొడుకు ఇంట్లో ఉన్నాడు. మనవరాలి ఆటల గోల వినిపిస్తోంది. కోటికి ఎలా ఉందని ఆయనే ముందు అడిగాడు. ఆమె ఆపకుండా చెప్పుకుపోయింది. లాటరీ సంగతి, చల్లనీళ్ళ సంగతి, ఆయన్ని ఎందుకు మార్చిందో ఆ సంగతి, కోటి చెయ్యి సంగతి, గురువమ్మ అడిగింది. ఏదీ తగ్గించి చెప్పలేదు.

 మనవరాలిని పక్క గదిలోకి వెళ్ళి ఆడుకోమనడం వినపడింది. తర్వాత ఆయన గొంతు వచ్చింది. చిన్నప్పుడు ఆమె తప్పు చేసి దొరికినప్పుడు కూడా ఆయన ఇంత నెమ్మదిగా మాట్లాడలేదు.

"సలికి నాను సత్తానని నీకు బయ్యమేసింది. సరే, కూతురివి. మరి కోటి సత్తాడని బయ్యమెయ్యలేదేటమ్మా?"

ముందు మీరు రండి నాన్నా, అంది ఆమె.

"వత్తాను," అన్నాడు తాతబాబు గారు. "ఆడి పక్క మంచమే నాకెయ్యించు. గానీ నాను వచ్చేసరికి నువ్వా గదిలో ఉండకు. నా వంటి మీద ఇంక నీ సెయ్యి పడకూడదు, ఆడి వంటి మీదా పడకూడదు. ఇంకో డాక్టర్ని సూడు."

ఫోన్ పెట్టేశాడు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఆ మాటలు గురువమ్మకీ వినపడ్డాయి. కోటికీ వినపడ్డాయి. పెందుర్తి నుంచి ఈ ట్రాఫిక్‌లో ఆయన రావడానికి తొందరపడినా గంట పడుతుంది. మెడలో గొట్టం వేయగల ఇంకో డాక్టరు ఇవాళ ఈ సెంటర్‌లో లేడు, వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళే వ్యవధీ లేదు. అనూరాధ కోటి పెదవుల వైపు చూసింది. రంగు మారుతున్నాయి. గురువమ్మ వైపు తిరిగి, ఆయన బయల్దేరుతున్నారు, వచ్చేదాకా ఆగొద్దు, నన్ను వేయనివ్వండి, తర్వాత నేను వెళ్ళిపోతాను అంది. గురువమ్మకి ఏం చెప్పాలో తోచక మొగుడి మొహంలోకి చూసింది.

కోటి కడ్డీ మీంచి ఒక చెయ్యి తీసి మాస్కు పక్కకి జరిపాడు. చాలా రోజుల తర్వాత అతని మొహంలో చిన్న నవ్వు కనపడింది.

"బావొచ్చేదాకా ఆగుతాన్లే డాట్రమ్మా," అన్నాడు.

ఆగలేడని ఆమెకి తెలుసు.